పెద్దరోగం: మన తాలూకాల్లో ఒక నరాల జబ్బు చరిత్ర

రాయవేలూరు అనగానే కోట, జలకంఠేశ్వరుడి గుడి, 1806 నాటి సిపాయీల తిరుగుబాటు గుర్తుకొస్తాయి. గుడియాత్తం అనగానే మగ్గాలు, లుంగీలు, అగ్గిపెట్టెలు తలపుకొస్తాయి. ఈ ప్రాంతం చరిత్ర రాసేవాళ్ళు వీటితో మొదలుపెట్టి వీటితోనే ముగించడం రివాజు. అయితే ఈ రెండు ఊళ్ళ పేర్లూ దేశదేశాల వైద్యపత్రికల్లోకి ఎక్కింది మాత్రం వేరే కారణంచేత. ఆ కారణాన్ని మనం ఇంట్లో గట్టిగా ఉచ్చరించం. తెలుగులో పెద్దరోగం అంటాం, తమిళంలో పెరువియాది అంటారు. రెండు భాషలవాళ్ళమూ అసలు పేరు చెప్పడానికి భయపడి ఒకే అర్థమిచ్చే మాటను అడ్డం పెట్టుకున్నాం. అది కుష్ఠు.

కుష్ఠును చర్మవ్యాధి అనుకోవడం మనకు అలవాటు. మచ్చ కనిపించేది చర్మంమీదే కాబట్టి అలా అనుకోవడంలో వింత లేదు. నిజానికి అది ముందుగా నరాల జబ్బు. ఈ సంగతి రుజువుకావడంలో మన వేలూరుకూ, కరిగిరికీ, గుడియాత్తానికీ ఉన్న పాత్రను పాఠకుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను కామర్స్ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, వైద్యం నా విద్య కాదు. అంచేత నాకు అర్థమైన మేరకు, మన వ్యవహారంలోని పోలికలతోనే చెబుతాను.

ముందు పాత సంగతులు. సుశ్రుత సంహితలో కుష్ఠ లక్షణాలు చెప్పేచోట స్పర్శ తెలియకపోవడం కూడా ఒకటిగా ఉంది. తువరక నూనెను మందుగా వాడమనీ అందులో ఉంది. ఆ జాతి చెట్ల గింజల నూనెనే, చాల్‌మోగ్రా పేరుతో, 1854లో కలకత్తాలోని ఫ్రెడరిక్ మౌఅట్ అనే డాక్టరు ఐరోపా వైద్యులకు పరిచయం చేశాడు. ఆ తరవాత సుమారు 90 ఏళ్ళపాటు ఉన్నంతలో మందు అదే. తెలుగుగడ్డమీద నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు పెట్టిన కుష్ఠు ఆస్పత్రిలో ఆ నూనె సూదులకోసం దూరదూరాలనుంచి రోగులు వచ్చేవారు.

రోగకారణం తెలిసింది నార్వేలో. బెర్గెన్ పట్నంలో అర్మావర్ హాన్సెన్ అనే డాక్టరు 1873లో రోగుల కణుపుల్లో కడ్డీల్లాంటి సూక్ష్మక్రిములను చూశాడు. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు అని అప్పటి పెద్ద వైద్యుల నమ్మకం. అలా నమ్మినవారిలో ముఖ్యుడైన డానియెల్సెన్ హాన్సెన్‌కు పిల్లనిచ్చిన మామే. అల్లుడు కనిపెట్టిన క్రిమి మామగారి సిద్ధాంతాన్ని కొట్టేసింది. ఏ క్రిమివల్ల ఏ మానవరోగం వస్తుందో చెప్పగలగడం ప్రపంచంలో దాదాపు అదే మొదలు.

కారణం తెలిసింది గనక రోగిమీద జాలి పెరగాలి. మన దేశంలో జరిగింది మరొకటి. 1898లో తెల్లదొరల ప్రభుత్వం కుష్ఠురోగుల చట్టం తెచ్చింది. దిక్కులేక అడుక్కునే రోగిని వారంటు లేకుండా పోలీసు పట్టుకుపోయి ఆశ్రమంలో పెట్టవచ్చు. రోగి తన చేత్తో తినుబండారాలు చేసి అమ్మకూడదనీ, ఊరుమ్మడి బావిలో నీళ్ళు తోడుకోకూడదనీ, రైలు తప్ప అద్దెబండి ఎక్కకూడదనీ నిషేధాలు విధించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. స్వరాజ్యం వచ్చాక కూడా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండి, 2016లో గాని కేంద్రం దాన్ని పూర్తిగా తీసెయ్యలేదు. 1955 హిందూ వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకు ఒక కారణంగా చేరింది. దాన్ని తొలగించింది 2019లో. మందు దొరికి దశాబ్దాలు గడిచినా చట్టానికి ఆ కబురు అందడానికి ఇంతకాలం పట్టింది.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఐడా స్కడ్డర్ 1870లో మన రాణిపేటలో పుట్టింది. 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్యవిద్యాలయం తెరిచింది. అదే నేటి సి.ఎం.సి. చిత్తూరు, కడప జిల్లాల జనానికి ఇప్పటికీ వేలూరు ఆస్పత్రి అంటే సొంతూరి ఆస్పత్రే. 1911 దాకా చిత్తూరు మన ఉత్తరార్కాడు జిల్లాలోనిదేనని గుర్తుచేసుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు. 1949లో జేకబ్ చాందీ ఇక్కడ నరాల వైద్యశాఖను ఆరంభించాడు. మెదడు, నరాల శస్త్రచికిత్సకు దేశంలో పునాది పడింది ఇక్కడే.

అంతకుముందే, 1946 చివర, పాల్ బ్రాండ్ అనే యువ సర్జన్ వేలూరు వచ్చాడు. ఇంగ్లీషువాడే గాని పుట్టింది మన దేశంలోనే, 1914లో. రాబర్ట్ కాక్రేన్ అనే కుష్ఠువైద్య నిపుణుడు ఆయన్ను చెంగల్పట్టు శానిటోరియానికి తీసుకెళ్ళి చూపించాడు. అక్కడ వేళ్ళు ముడుచుకుపోయి గద్దగోళ్ళలా తయారైన చేతులు వందలకొద్దీ కనిపించాయి. ఈ చేతులు ఎందుకిలా అవుతాయని బ్రాండ్ అడిగితే, ఎముకల వైద్యులెవరూ ఇంతవరకు పట్టించుకోలేదు కాబట్టి తెలియదని సమాధానం వచ్చింది. ఒక రోగిని తన చెయ్యి గట్టిగా పట్టుకోమంటే ఆ పట్టు ఉడుంపట్టులా ఉందట. అంటే కండ చావలేదు. చచ్చింది దాన్ని నడిపించే నరం, అదీ కొన్నిచోట్లే.

బ్రాండ్ బృందం రోగుల నరాలను, చనిపోయినవారి నరాలను కూడా ఓపికగా పరీక్షించింది. మోచేతి వెనక, మణికట్టు దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర, ముఖంమీద, అంటే ఎక్కడ నరం చర్మానికి దగ్గరగా, ఒంటిలోని చల్లటి చోట సాగుతుందో అక్కడ అది ఉబ్బి చెడుతోంది. కుష్ఠుక్రిమికి చల్లదనం ఇష్టం. లోపలి వెచ్చటి చోట ఉన్న నరం బాగానే ఉంటుంది. కాబట్టి బాగున్న కండర తాడును ఒకదాన్ని తీసి చచ్చుబడ్డ వేలికి కట్టి పని చేయించవచ్చని ఆయన లెక్క వేశాడు. ఆ లెక్క ఫలించింది. ముడుచుకున్న వేళ్ళు తెరుచుకున్నాయి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. కుష్ఠురోగి వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని లోకమంతా నమ్మేది, వైద్యులు కూడా నమ్మేవారు. బ్రాండ్ ఒక్కొక్క పుండు వెనకా ఏం జరిగిందో ఆరా తీశాడు. ఒకడు వేడి గిన్నెను గుడ్డ లేకుండా దించాడు. ఒకడు మేకు దిగిన చెప్పుతోనే రోజంతా నడిచాడు. రాత్రి నిద్రలో ఎలుకలు వేలు కొరికినా మెలకువ రానివాళ్ళున్నారు. వేళ్ళను తిన్నది రోగం కాదు. నొప్పి తెలియక తగిలిన దెబ్బలు, వాటికి పట్టిన చీము. నొప్పి అనేది ఒంటికి కాపలా అని ఆయన జీవితాంతం చెబుతూ వచ్చాడు. కాపలావాడు చచ్చిన ఇంట్లో దొంగలు పడినట్లే ఇదీ. అందుకే ఆపరేషనుతో పాటు మెత్తటి రబ్బరు చెప్పులు, కట్టెపిడి ఉన్న పాత్రలు, రోజూ రాత్రి చేతులూ కాళ్ళూ చూసుకునే అలవాటు, ఇవన్నీ వైద్యంలో భాగమయ్యాయి. 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీస్ చక్రాలకుర్చీలో కూర్చునే ఈ రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ప్రభుత్వం ఆమెకు 1972లో పద్మశ్రీ ఇచ్చింది.

1955లో కాట్పాడికి ఆవల కరిగిరిలో షీఫలిన్ పేరుమీద కుష్ఠు పరిశోధనాలయం వెలసింది. రాళ్ళూ ముళ్ళూ తప్ప మరేమీ లేని ఆ నేలను తోపుగా మార్చినవాడు అక్కడ సర్జనుగా, అధిపతిగా పనిచేసిన ఎర్నెస్ట్ ఫ్రిచ్చి. అక్కడే సి.కె. జాబ్ అనే రోగనిదాన నిపుణుడు, క్రిమి నరంలోపల ఏ కణంలో కాపురం పెడుతుందో సూక్ష్మదర్శిని కింద వెదికాడు. ఆస్పత్రిలో కూర్చుంటే రోగం ముదిరినవాళ్ళే వస్తారు. మొదట్లోనే పట్టుకోవాలంటే ఊళ్ళోకి వెళ్ళాలి. అలా కరిగిరి సిబ్బంది ఎంచుకున్నది గుడియాత్తం తాలూకాను. 1960లు, 70లలో ఊరూరా, ఇంటింటా మనుషులను పరీక్షించి, ఏళ్ళతరబడి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఎవరికి కొత్తగా మచ్చ వచ్చిందో రాసుకున్నారు. పి.ఎస్.ఎస్. రావు, ఎ.బి.ఎ. కారాట్ మొదలైనవారు రాసిన వ్యాసాల శీర్షికల్లోనే గుడియాత్తం తాలూకా పేరుంది. క్రిములు ఎక్కువగా ఉన్న రోగి ఇంట్లోని వాళ్ళకు రోగభయం ఎక్కువని ఆ లెక్కలు చూపాయి. ప్రపంచం కుష్ఠు వ్యాప్తిని గురించి నేర్చుకున్నదానిలో కొంత భాగం మగ్గం గుంటల పక్కన, బీడీలు చుట్టే అరుగులమీద మన తాతలూ అవ్వలూ చేతులు చాచి నిలబడితే పోగైందే. వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ లేవు.

మందుల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1941లో అమెరికాలోని కార్‌విల్‌లో సల్ఫోన్ మందు పనిచేస్తుందని తేలింది. దానినుంచి వచ్చిన డాప్సోన్ మాత్ర చవక కాబట్టి మన పల్లెలదాకా చేరింది. 1960లలో క్రిమి ఆ మాత్రకు లొంగడం మానేసిందని రుజువైంది. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇవ్వమంది. ఆరు నెలలో, ఏడాదో తింటే రోగం పోతుంది. మందు ఉచితం. మొదటి మోతాదుతోనే అంటించే శక్తి దాదాపు పోతుంది.

క్రిమి చచ్చిపోయినా పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ వెళ్ళినవాళ్ళు నరానికీ దాని తొడుగుకూ మధ్య నడిచే ఉత్తరప్రత్యుత్తరాల దగ్గరకు చేరారు.

నరం అంటే కరెంటు తీగ అనుకోండి. దానిమీద మయెలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఈ తొడుగును నేసేవి ష్వాన్ కణాలు. ఎంత లావు తీగకు ఎంత మందం తొడుగు కావాలో నేతగాడికి ఎవరు చెబుతారు? తీగే చెబుతుంది. నరం తన ఒంటిమీద న్యూరెగ్యులిన్ అనే ప్రోటీనును పెట్టుకుంటుంది. అదే ఆర్డరు. 1980లలోనూ 90ల మొదట్లోనూ ఒక ప్రయోగశాల దీన్ని నరాల తొడుగుకణాలను పెంచే పదార్థంగాను, ఒకటి కండరానికి నరం పంపే సంకేతంగాను, మరొకటి కాన్సరు పరిశోధనలోను విడివిడిగా పట్టుకుని వేరువేరు పేర్లు పెట్టాయి. 1992-93లో ఇవన్నీ ఒకే జన్యువు బిడ్డలని తేలింది. ఒకే మనిషి నాలుగు శాఖల్లో నాలుగు పేర్లతో ఖాతా తెరిచినట్లన్నమాట. 2004లో జర్మనీలో గొటింగెన్‌లోని క్లౌస్-ఆర్మిన్ నావె బృందం ఎలుకల్లో ఈ ప్రోటీనును తగ్గించి చూస్తే తొడుగు పలచబడింది, పెంచి చూస్తే మందమెక్కింది.

ఆర్డరు అందుకునే ఏర్పాటు ష్వాన్ కణం పైపొరలో ఉంది. ఇక్కడ నాకు మా బ్యాంకు జాయింటు ఖాతా గుర్తుకొస్తుంది. ఎర్బ్-బి 3 అనే గ్రాహకం న్యూరెగ్యులిన్‌ను పట్టుకోగలదు గాని, లోపలికి కబురు పంపే సత్తా దానికి లేనట్లే. ఎర్బ్-బి 2 అనే గ్రాహకానికి కబురు పంపే సత్తా ఉంది గాని, బయటి ఉత్తరాన్ని నేరుగా పట్టుకోలేదు. ఇద్దరూ కలిసి సంతకం చేస్తేనే చెక్కు పాసవుతుంది. ప్రకృతి ఇంత కట్టుదిట్టం చేసింది.

కుష్ఠుక్రిమి ఈ కట్టుదిట్టాన్ని దాటే దారి ఒకటి కనిపెట్టింది. న్యూయార్కు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో అనుర రంబుక్కన బృందం 1997, 98లలో క్రిమి ష్వాన్ కణాన్ని ఏ కొక్కేలు పట్టుకుని అంటుకుంటుందో చూపించింది. 2006లో అదే బృందం మరో సంగతి ప్రకటించింది. క్రిమి ఎర్బ్-బి 2ను తానే నేరుగా తట్టిలేపుతుంది. న్యూరెగ్యులిన్ అక్కర్లేదు, ఎర్బ్-బి 3 సంతకం అక్కర్లేదు. అలా లేచిన ఎర్బ్-బి 2 కణం లోపలికి ఎర్క్ అనే మార్గంలో ఆపకుండా తప్పుడు ఆర్డర్లు పంపుతుంది. ష్వాన్ కణం తాను నేసిన తొడుగును తానే విప్పేసుకుంటుంది. దొంగ సంతకంతో ఖాతా ఖాళీ అయిందన్నమాట. ఎలుకల్లో ఎర్బ్-బి 2 నోరు కట్టేస్తే నష్టం తగ్గింది. ఈ ఎర్బ్-బి 2 మనకు కొత్తదేమీ కాదు. కొన్ని రొమ్ముకాన్సర్లలో మితిమీరి ఉండేది ఇదే, 1998 నుంచి దానిమీద మందు కూడా ఉంది.

ఇదొక్కటే కథ అనుకుంటే పొరపాటు. 2017లో లలితా రామకృష్ణన్ తదితరులు పారదర్శకంగా ఉండే చిన్న చేపల్లో కుష్ఠుక్రిములను పెట్టి చూశారు. ఆమె నోబెల్ గ్రహీత వెంకి రామకృష్ణన్‌కు సోదరి. క్రిములను మింగిన మన కాపలాకణాలే నైట్రిక్ ఆక్సైడును వదిలి పక్కనున్న నరం తొడుగును పాడుచేస్తున్నాయని ఆ చేపల్లో కనిపించింది. మందు తింటున్న రోజుల్లో కూడా ఒంటి రక్షణశక్తి ఒక్కసారిగా రెచ్చిపోయి నరాలు వాచడం డాక్టర్లందరికీ అనుభవమే. అప్పుడు స్టెరాయిడు మందు సకాలంలో పడితే నరం దక్కుతుంది. పొరుగింటి గొడవలో మన గోడ కూలినట్లు, నరానికి నష్టం రెండు దారుల్లోనూ వస్తుంది.

న్యూరెగ్యులిన్ కథ కుష్ఠుతో ఆగదు. 2002లో ఐస్‌లాండు పరిశోధకులు ఈ జన్యువులోని కొన్ని తేడాలకూ స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధికీ సంబంధముందన్నారు. తరవాతి పరిశోధనల్లో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. నరానికి తొడుగు ఎంత అవసరమో, తొడుగుకు నరం మాట ఎంత అవసరమో మాత్రం స్థిరపడింది.

మన ప్రాంతానికి సంబంధించిన మరో ముక్క. కుష్ఠుక్రిమి గాజుగొట్టాల్లో పెరగదు. హాన్సెన్ చూసి 150 ఏళ్ళు దాటినా దాన్ని బయట పెంచగలిగినవాడు లేడు. రెండుగా చీలడానికి దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. 2001లో దాని జన్యుపటాన్ని మొత్తం చదివారు. సుమారు 1,600 జన్యువులు పనిచేస్తున్నాయి, 1,100కు పైగా చెడిపోయి ఊరికే పడి ఉన్నాయి. ఒంటరిగా బతకగలిగే ఆస్తినంతా పోగొట్టుకుని, మన నరంలో అద్దెకు దిగితే తప్ప గడవని జీవి అది. అలా చదివిన వంగడానికి పెట్టిన పేరు టి.ఎన్., అంటే తమిళనాడు. ఇక్కడి ఒక రోగి ఒంటినుంచి తీసిందది.

మా ఉద్యోగంలో వేలిముద్రకున్న విలువ అందరికీ తెలుసు. వేళ్ళు అరిగిన చేతికి ముద్ర పడదు. బొటనవేలి ముద్ర వేయలేని ఖాతాదారుడు కాలివేలి ముద్ర వేయవచ్చు, అదీ కుదరకపోతే తనకు చేతనైన గుర్తు పెట్టవచ్చు, ఇద్దరు సాక్షులు ఉంటే చాలునని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన నియమం ఉంది. ఈ నియమం తెలియని కౌంటర్లలో, జబ్బు ఏనాడో నయమైన ముసలివాళ్ళు పింఛను డబ్బుకోసం నిలబడి వెనక్కి వెళ్ళడం నేను చూశాను. ఆధార్ వచ్చాక వేలిముద్ర యంత్రం ముందు ఇదే గొడవ మళ్ళీ మొదలైంది. వేలిముద్ర లేనివారికి కంటిపాపతోనో, మినహాయింపుతోనో నమోదు చేయాలన్న ఏర్పాటు అక్కడా ఉంది. నరం చచ్చిన చెయ్యి చెప్పుకోలేని మాటను పక్కనున్నవాళ్ళు చెప్పాలి. మన ఇళ్ళల్లో బ్యాంకుల్లోనూ, తాలూకా ఆఫీసుల్లోనూ పనిచేసే పిల్లలున్నారు. ఈ నియమాలు వాళ్ళ చెవిన వెయ్యండి.

పదివేలమందికి ఒకరికన్న తక్కువ రోగులున్నారు కాబట్టి దేశస్థాయిలో కుష్ఠు నిర్మూలన అయిందని 2005 చివర ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాట విన్నాక జనం మరచిపోయారు. ఇప్పటికీ ఏటా లక్ష దరిదాపుల కొత్త రోగులు మన దేశంలోనే బయటపడుతున్నారు. ప్రపంచంలోని కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్ళే. ఇంటింటికీ తిరిగే పాతకాలపు పరీక్ష తగ్గినచోట రోగి ఆలస్యంగా దొరుకుతాడు, ఆలస్యమైన మేరకు నరం పోతుంది. తొడుగు విప్పుకున్న నరాన్ని మళ్ళీ తొడిగించే మందు ఈనాటికీ ఆస్పత్రి అలమరలో లేదు.

కాబట్టి పాఠకులు గుర్తుంచుకోవలసింది ఇది. నూటికి 95 మందికి ఈ రోగం పట్టదు, ఒంటికే ఆ శక్తి ఉంది. వంశంలో దిగేది కాదు, చెయ్యి తగిలితే అంటేది కాదు. రంగు తగ్గిన మచ్చ కనిపిస్తే దూది కొసతో తాకి చూడండి. అక్కడ స్పర్శ తెలియకపోతే, వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనకపోతే, మోచేతి వెనక నరం తాడులా తగిలితే, చిటికెన వేలు వంగుతుంటే, సంబంధం చెడుతుందేమోనన్న భయంతో దాచకుండా ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్ళండి. వేలూరు, కరిగిరి మనకు పిలుపుదూరంలో ఉన్నాయి. నెమిలి నుంచి బయలుదేరినా, గుడియాత్తం నుంచి బయలుదేరినా మధ్యాహ్నానికల్లా పరీక్ష చేయించుకుని ఇల్లు చేరవచ్చు.